ఫిర్యాదు తేలడానికి మూడున్నరేళ్లు

కాలిఫోర్నియాలో నర్సుల రిజిస్ట్రేషన్ చట్టం 1905 నాటిది. లైసెన్స్ ఇచ్చే అధికారంతో పాటే, తప్పు చేసినవారి నుంచి దాన్ని వెనక్కి తీసుకునే బాధ్యతా ఉంటుంది. ఆ రాష్ట్ర రిజిస్టర్డ్ నర్సింగ్ బోర్డు మీద విమర్శలన్నీ ఈ రెండో పని చుట్టూనే తిరిగాయి.

2008లో ప్రొపబ్లికా, లాస్ ఏంజెలెస్ టైమ్స్ విలేకరులు చార్లెస్ ఆర్న్‌స్టీన్, ట్రేసీ వెబర్ మొదట వేలిముద్రల సంగతి బయటపెట్టారు. 1990కి ముందు లైసెన్స్ తీసుకున్నవారి వేలిముద్రలు బోర్డు దగ్గర లేవు. వాళ్లకు కోర్టులో శిక్ష పడినా బోర్డుకు దానంతట అది తెలిసే ఏర్పాటు లేదన్నమాట. బోర్డు అప్పుడు మేలుకుని పాతవారి వేలిముద్రలూ తీసుకోవడం మొదలుపెట్టింది.

2009 జూలైలో వచ్చిన కథనం ఇంకా తీవ్రమైంది. ఒక ఫిర్యాదు తేలడానికి సగటున 3 సంవత్సరాల 5 నెలలు పడుతోందని లెక్క తేలింది. రోగి మీద చేయి చేసుకున్నాడని ఒక ఆసుపత్రి నర్సును తీసేస్తుంది. ఫైలు బోర్డులో నలుగుతూనే ఉంటుంది, లైసెన్స్ మీద మచ్చ కనిపించదు, అతను మరో ఆసుపత్రిలో చేరిపోతాడు. ఈ జాప్యం నిర్దోషులైన నర్సులనూ ఏళ్ల తరబడి నిందతో బతికిస్తుంది. ఈ మాట చెప్పినవారు తక్కువ.

గవర్నర్ ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగ్గర్ రోజుల వ్యవధిలోనే బోర్డు సభ్యుల్లో ఎక్కువమందిని తప్పించారు. కార్యనిర్వహణాధికారి రాజీనామా చేశారు. అయితే నర్సులు కట్టిన ఫీజులతో నడిచే బోర్డు సిబ్బందికి కూడా అదే ఏడాది బడ్జెట్ కొరత పేరుతో జీతం లేని సెలవులు ఇచ్చింది ఆ ప్రభుత్వమే. క్రమశిక్షణ చర్యలను వేగవంతం చేసే బిల్లు 2010లో సెనేట్ కమిటీ గడప దాటలేదు. బోర్డు కాలపరిమితిని పొడిగించే బిల్లును 2011లో గవర్నర్ జెర్రీ బ్రౌన్ వీటో చేశారు. దర్యాప్తు అధికారులకు పోలీసు హోదా ఇస్తే పెన్షన్ భారం పెరుగుతుందన్నది ఆయన అభ్యంతరం. దాంతో 2012 జనవరి 1న బోర్డే రద్దయింది. కొన్ని వారాల తర్వాత మరో చట్టంతో దాన్ని మళ్లీ నిలబెట్టారు.

2016లో రాష్ట్ర ఆడిటర్ 40 ఫిర్యాదులు పరిశీలిస్తే 31 ఫిర్యాదులు 18 నెలల గడువు దాటాయి. దర్యాప్తు అధికారుల పనిభారం సరిచేయమని చేసిన సిఫారసు అమలైనట్టు చూపడానికి, బోర్డు ఉన్నతాధికారులు కేసుల లెక్కలు తారుమారు చేసి ఆడిటర్‌కే తప్పుడు నివేదిక ఇచ్చారని 2020లో తేలింది.

పత్రికలు తమ పని తాము చేశాయి. సభ్యులను మార్చి, దర్యాప్తు యంత్రాంగాన్ని బలపరచకుండా వదిలేసిన గవర్నర్లదీ, శాసనసభ్యులదీ అసలు తప్పు.