హైట్-ఆష్‌బరీ

అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో హైట్, ఆష్‌బరీ వీధుల కూడలి చుట్టూ ఉన్న పేట ఇది. 1960ల నడుమ హిప్పీ ఉద్యమానికి కేంద్రంగా నిలిచింది. పాతబడిన విక్టోరియన్ ఇళ్లలో అద్దెలు తక్కువ కావడంతో విద్యార్థులు, కళాకారులు, గాయకులు ఇక్కడికి చేరి ఒకే ఇంట్లో పలువురు కలిసి ఉండేవారు. వియత్నాం యుద్ధాన్ని, వస్తువ్యామోహాన్ని వారు వ్యతిరేకించారు.

గ్రేట్‌ఫుల్ డెడ్ బృందం 710 ఆష్‌బరీ ఇంట్లో నివసించింది. జెఫర్సన్ ఎయిర్‌ప్లేన్ బృందం, గాయని జానిస్ జోప్లిన్ ఇక్కడి సంగీతానికి పేరు తెచ్చారు. ఫిల్‌మోర్, అవలాన్ సభాశాలల్లో రంగురంగుల కాంతుల మధ్య కచేరీలు సాగేవి. డిగ్గర్స్ అనే వీధి నాటక బృందం ఉచితంగా భోజనం పెట్టేది.

1967 జనవరి 14న గోల్డెన్ గేట్ పార్కులో జరిగిన ‘హ్యూమన్ బీ-ఇన్’ సభకు వేలమంది వచ్చారు. జూన్‌లో మాంటెరీ సంగీతోత్సవంలో రవిశంకర్ సితార్ కచేరీ యువతను ఆకట్టుకుంది. ఆ వేసవికి ‘సమ్మర్ ఆఫ్ లవ్’ అని పేరు. దేశం నలుమూలల నుంచి యువజనం వెల్లువెత్తడంతో వసతి కరవై, మాదకద్రవ్యాలు, వ్యాధులు పెచ్చుమీరాయి. వైద్యుడు డేవిడ్ స్మిత్ జూన్‌లో ఉచిత వైద్యశాల ప్రారంభించాడు. 1967 అక్టోబరు 6న స్థానికులే ‘హిప్పీ’కి ఉత్తుత్తి శవయాత్ర జరిపారు.