ఇంజనుపై అక్షరాలు: సూరత్ మార్గపు సాక్ష్యం

సూరత్ స్టేషనులో ఆగిన రైలింజనును గమనిస్తే, డ్రైవరు గది గోడపై కొన్ని అక్షరాలు, ఒక సంఖ్య కనిపిస్తాయి. నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో ఇక్కడినుండి వరంగల్లుకు పయనించే తెలుగు నేత కార్మికులకు గాని, మనవంటి ఉద్యోగులకు గాని వాటిని చదువవలసిన అవసరం కలగదు. అయినను రైల్వేల పాలనా చరిత్రకు అవి విలువైన ఆధారాలు.

ఇంజను రంగు యజమానిని తెలిపేది. గోడపై గుర్తు సామర్థ్యాన్ని తెలిపేది. బ్రిటన్‌లో ఈ రెండు పద్ధతులూ స్పష్టంగా కనిపిస్తాయి. అక్కడ 1923లో రైల్వేలు నాలుగు పెద్ద కంపెనీలుగా ఏర్పడిన పిదప, గ్రేట్ వెస్టర్న్ ఇంజన్లు ఆకుపచ్చ రంగుతోను, లండన్ మిడ్‌లాండ్ అండ్ స్కాటిష్ కంపెనీ ఎక్స్‌ప్రెస్ ఇంజన్లు ముదురు ఎరుపుతోను గుర్తింపు పొందినవి. గ్రేట్ వెస్టర్న్ వారు డ్రైవరు గది ప్రక్కన రంగు బిళ్ళపై ఒక అక్షరం వ్రాసేవారు. అక్షరం ఇంజను లాగగల శక్తిని, బిళ్ళ రంగు బరువునుబట్టి అది నడవదగిన మార్గాలను సూచించేవి. ఎర్ర బిళ్ళ గల బరువైన ఇంజను బలహీనమైన వంతెన మీదికి పోరాదు. అది అలంకారం కాదు; ప్రాణరక్షణకు సంబంధించిన ఆజ్ఞ.

సూరత్ ప్రాంతానికి రైలును తెచ్చినది 1855లో ఏర్పడిన బాంబే, బరోడా అండ్ సెంట్రల్ ఇండియా కంపెనీ. 1860లో తపతీ నది ఉత్తరపు ఒడ్డునగల ఉత్రాణ్‌కు, అంకలేశ్వర్‌కు మధ్య దాని తొలి మార్గం ప్రారంభమైనది. 1951 నవంబరు 5న ఆ రైల్వే పశ్చిమ రైల్వేలో విలీనమైనది. అదే రోజున మన నిజాం రైల్వే మధ్య రైల్వేలో చేరినది. పాత యజమానుల పేర్లు ఇంజన్లపైనుండి క్రమంగా తొలగిపోయినవి.

సామర్థ్యాన్ని తెలిపే అక్షరాలు మాత్రం నిలిచినవి. 1947లో వచ్చిన డబ్ల్యూ.పి. ఆవిరి ఇంజను పేరులో 'డబ్ల్యూ' బ్రాడ్‌గేజిని, 'పి' ప్రయాణికుల బండిని సూచించేవి. తరువాత విద్యుత్తు వచ్చినది. బొంబాయినుండి విరార్ వరకు డి.సి., విరార్‌నుండి సూరత్ వైపు ఎ.సి. విద్యుత్తు ఉండేవి. చిత్తరంజన్ కర్మాగారంలో 1970వ దశకంలో తయారైన డబ్ల్యూ.సి.ఎ.ఎం.-1 ఇంజను రెండింటితోను నడిచేది. 'సి' డి.సి.ని, 'ఎ' ఎ.సి.ని, 'ఎం' ప్రయాణికుల, సరకుల బండ్లు రెంటినీ లాగే మిశ్రమ సేవను తెలిపేవి. 2012లో పశ్చిమ రైల్వేలో డి.సి. తొలగింపు పూర్తి కాగా, ఆ మార్గంలో 'సి' అక్షరానికి పని లేకపోయినది.

ఇంజను తుక్కుకు పోయేటప్పుడు ఇనుము విలువ కడతారు. గోడపై అక్షరాలను ఎవరూ లెక్కించరు. కొత్త రంగు పూయటానికి ముందు ఒక ఛాయాచిత్రం, నాలుగు పంక్తుల వివరణ దస్త్రంలో చేర్చటం పెద్ద వ్యయం కాదు. సంకేతానికి అర్థం మరచిపోతే దస్త్రం మిగిలినా చరిత్ర మిగలదని దస్త్రాల నడుమ జీవించే మనకు తెలియనిది కాదు.