క్లబ్బు తలుపు, సంఘం రిజిస్టరు

క్లబ్బు అనగానే మన ఇండ్లల్లో పెద్దలకు ముందుగా గుర్తొచ్చేది పేకాట. "ఫలానావాళ్ల పిల్లగాడు రోజూ క్లబ్బుకు పోతున్నాడట" అని ఎవరన్నా అంటే, సంబంధం మాట్లాడవచ్చినవాళ్లు కూడా ఒక నిమిషం ఆగుతారు. ఆ అనుమానానికి కారణం లేకపోలేదు, దాని సంగతి కింద వస్తుంది. అయినా ఈ ఏటి సంచికలో క్లబ్బుల చరిత్ర రాయాలని మేము అనుకోవడానికి కారణం వేరే ఉన్నది. కరీంనగర్‌లో గాని, ఆదిలాబాద్‌లో గాని ఒక క్లబ్బు రిజిస్టరు కావాలన్నా, మనలాంటి సంక్షేమ సంఘం రిజిస్టరు కావాలన్నా ఎక్కవలసిన మెట్లు ఒకటే, చట్టం ఒకటే. ఎవరిని లోపలికి తీసుకోవాలి, ఎవరిని బయటికి పంపవచ్చు, ఉన్న ఆస్తి ఎవరిది అనే మూడు ప్రశ్నలకు క్లబ్బులవాళ్లు నూరేండ్లకు పైగా జవాబులు రాసిపెట్టుకుని వాటిని కాపాడుకుంటున్నారు. మనలో చాలా సంఘాలు ఆ జవాబులను అచ్చు వేయించి, బీరువాలో పెట్టి, తాళం వేసినవి.

క్లబ్బు పద్ధతి లండన్‌లో పుట్టింది. 1693లో మొదలైన వైట్స్ అనేది మొదట చాక్లెట్ పానీయం అమ్మే దుకాణమే. వచ్చేవాళ్లు వచ్చి, నచ్చనివాళ్లను రానీయకుండా తలుపు వేసుకున్న తరువాత అది క్లబ్బు అయింది. అంటే క్లబ్బుకు పునాది భవనం కాదు, తలుపు. ఆ తలుపు దగ్గర నిలబడి కాపలా కాసేదే సభ్యత్వ నియమం.

ఇంగ్లీషువాళ్లు ఎక్కడికి పోతే అక్కడికి ఈ తలుపును వెంట తీసుకుపోయారు. సికింద్రాబాద్ దండులో 1878 ఏప్రిల్ 26న పుట్టిన సంస్థ పేర్లు మార్చుకుంటూ వచ్చి, చివరికి సికింద్రాబాద్ క్లబ్బుగా స్థిరపడింది. దాని ప్రధాన భవనం మొదటి సాలార్‌జంగ్ గారి వేట బంగళా. ఆ ఉపకారానికి బదులుగా, సాలార్‌జంగ్ వంశంవారు తగినవారైతే ఓటింగు లేకుండానే సభ్యులు కావచ్చునని క్లబ్బు ఒక నియమం పెట్టుకున్నది. ఇచ్చినవారి పేరు రాతిఫలకం మీద చెక్కి చేతులు దులుపుకోకుండా, నియమావళిలోనే చోటిచ్చారన్నమాట. 2022 జనవరి 16 తెల్లవారుజామున జరిగిన అగ్నిప్రమాదంలో ఆ పాత భవనం కాలిపోయింది. నియమాలు మాత్రం కాలలేదు, క్లబ్బు నడుస్తూనే ఉన్నది.

హైదరాబాద్‌లో నిజాం క్లబ్బు 1884 నాటిది. కలకత్తాలో 1907లో కలకత్తా క్లబ్బు పుట్టడానికి కారణం మరీ విచిత్రం. అంతకుముందున్న తెల్లవాళ్ల క్లబ్బులో, పిలిపించిన అతిథి భారతీయుడని లోపలికి రానివ్వలేదట. అప్పుడు అన్ని జాతులవాళ్లూ కూర్చునే క్లబ్బు ఒకటి కావాలని అనుకున్నారు. అవమానం నుంచి పుట్టిన సంస్థలు మన దేశంలో తక్కువేం లేవు.

ఈ క్లబ్బులలో కొత్త మనిషిని చేర్చుకునే తీరు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఒక సభ్యుడు పేరు ప్రతిపాదిస్తాడు, ఇంకొకరు బలపరుస్తారు. ఆ పేరును నోటీసు బోర్డు మీద కొన్నాళ్లు ఉంచుతారు. అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పుకోవచ్చు. తరువాత ఓటు. పాతకాలంలో ఇందుకు ఒక చెక్కపెట్టె ఉండేది, తెల్ల గోళీలు, నల్ల గోళీలు ఉండేవి. చెయ్యి పెట్టెలోకి పోతుంది, ఎవరు ఏ గోళీ వేశారో పక్కవాడికి కూడా తెలియదు. నిర్ణయించినన్ని నల్ల గోళీలు పడితే, కొన్నిచోట్ల ఒక్కటి పడినా, మనిషి బయటే. కారణం ఎవరూ చెప్పరు, అడగరాదు. దీనిలో అన్యాయం స్పష్టంగానే కనిపిస్తున్నది. జాతి పేరుతో, రంగు పేరుతో, పాత పగలతో ఎందరిని ఈ పెట్టె ఆపిందో లెక్క లేదు. కాని ఇందులో ఒక మంచి కూడా ఉన్నది. ప్రతిపాదించినవాడు ఆ కొత్త మనిషికి జామీను ఉన్నట్టు లెక్క. రేపు వాడు బాకీ పడితే, అల్లరి చేస్తే, వేళ్లు ప్రతిపాదించినవాడి వైపు కూడా చూపిస్తాయి. ఎన్నికల ముందు వారంలో ఒకే చేతిరాతతో నలభై సభ్యత్వ ఫారాలు వచ్చే సంఘాలలో ఈ జామీను ఎక్కడున్నది?

మన జిల్లాల సంగతికి వద్దాం. ఎలగందుల పోయి కరీంనగర్ జిల్లా కేంద్రమైనది 1905లో. ఆసిఫాబాద్ నుంచి జిల్లా కచ్చేరీ ఆదిలాబాద్‌కు మారినది 1941లో. అప్పుడు కలెక్టరును అవ్వల్ తాలూక్‌దార్ అనేవారు. ఇలాంటి కేంద్రాలలో వెలిసినవి ఆఫీసర్స్ క్లబ్బులు. వీటి తీరు సికింద్రాబాద్ క్లబ్బు తీరు కాదు. ఇక్కడ గోళీ కన్నా హోదా ముఖ్యం. జిల్లా అధికారి పదవీరీత్యా అధ్యక్షుడు కావడం ఆనవాయితీ. బదిలీ అయితే అధ్యక్షత కూడా బదిలీ అవుతుంది. బొగ్గుగనుల వైపు పోతే ఇంకో మెట్టు కనిపిస్తుంది. గోదావరిఖనిలో అధికారుల ఆర్.సి.ఓ.ఏ. క్లబ్బు, మందమర్రిలో కార్మికుల సి.ఇ.ఆర్. క్లబ్బు అందరికీ తెలిసినవే. ఒకే గనిలో బతికేవాళ్లకు సాయంత్రం కూర్చునే చోట్లు వేరు వేరు. పదవి ఇచ్చిన సభ్యత్వం పదవితోనే పోతుంది, దానికి ఎవరి గోళీ అక్కరలేదు.

అధికారులకు ఇట్లా కూర్చునే చోట్లు ఉంటే, మామూలు జనం నలుగురు కూడడం ఆ రోజుల్లో అంత తేలిక కాదు. నిజాం సర్కారు గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు తెచ్చి, సభలకు ముందుగా అనుమతి తీసుకోవాలన్నది. అనుమతి కోసం తిరిగి తిరిగి చెప్పులరిగిన సంస్థలలో ఆంధ్ర మహాసభ ఒకటి. దాని నాలుగవ మహాసభ 1935లో మన సిరిసిల్లలోనే మాడపాటి హనుమంతరావు గారి అధ్యక్షతన జరిగింది. ఆ సంస్థ చరిత్రలో సభ్యత్వానికి సంబంధించిన ఒక చిన్న ముచ్చట మాకు చాలా పెద్దదనిపిస్తుంది. 1940 దశకం మొదట్లో సభ్యత్వ రుసుమును రూపాయి నుంచి నాలుగణాలకు దింపారు. అంతే, పట్నం వకీళ్ల, చదువరుల సభగా ఉన్నది పల్లె రైతుల సభ అయింది. 1944 భువనగిరి సభ నాటికి పాతవాళ్లు, కొత్తవాళ్లు విడిపోయేదాకా వచ్చింది. సంస్థ ఆశయాలు కాగితం మీద ఎన్ని రాసినా, అది ఎవరిదో తేల్చేది చందా అంకెనే. ఇది తెలియక చందా పెంచిన సంఘాలు, తెలిసి పెంచిన సంఘాలు రెండూ ఉన్నవి.

ఇక చట్టం. బ్రిటిష్ ఇండియాలో 1860 నాటి 21వ చట్టం కింద సంఘాలు రిజిస్టరయ్యేవి. ఏడుగురు కలిసి సంతకాలు పెడితే చాలు. హైదరాబాద్ సంస్థానంలో 1350 ఫసలీలో, అంటే 1940-41లో, పబ్లిక్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం వచ్చింది. సంస్థానం పోయింది, ఫసలీ లెక్క పోయింది, 1956లో రాష్ట్రం మారింది, కాని ఆ చట్టం మాత్రం తెలంగాణ ప్రాంతంలో 2001 దాకా బతికింది. మన పెద్దల పాత రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ల మీద '1350 ఫసలీ' అని ఎందుకున్నదో అడిగే పిల్లలకు జవాబు ఇదే. 2001లో రెండు ప్రాంతాలకూ కలిపి ఒకే సొసైటీల చట్టం చేశారు. దాని ప్రకారం ఏటా సర్వసభ్య సమావేశం జరిగిన 15 రోజుల్లో పాలకవర్గం జాబితాను రిజిస్ట్రారుకు పంపాలి. 2016 అక్టోబరు 11న కరీంనగర్ నాలుగు జిల్లాలై, ఆదిలాబాద్ నాలుగు జిల్లాలైన తరువాత, జగిత్యాల, పెద్దపల్లి, నిర్మల్, మంచిర్యాల వైపు సంఘాలవాళ్లు తమ ఫైలు ఏ కచ్చేరీలో ఉన్నదో ఒకసారి కనుక్కోవడం మంచిది.

1860 చట్టంలో ఒక వాక్యాన్ని ప్రతి క్లబ్బు గోడ మీద రాసుకున్నట్టే పాటిస్తుంది. సభ్యుడంటే నియమాల ప్రకారం చేర్చుకోబడి, చందా కట్టినవాడు గాని, జాబితాలో దస్తఖతు పెట్టినవాడు గాని. మూడు నెలలకు మించి చందా బాకీ ఉన్నవాడికి ఓటు లేదు, వాడిని సభ్యుల లెక్కలో కూడా పట్టరాదు. మన దగ్గర మొహమాటం అడ్డమొస్తుంది. "మనోడే గదా, తరువాత ఇస్తాడు" అంటాం. ఆ మనోడే కోరం లెక్కలో ఉంటాడు, చెయ్యెత్తుతాడు, ఆ తీర్మానం మీద రేపు కోర్టులో ప్రశ్న వస్తే సదర్ గారూ మోతమద్ గారూ జవాబు చెప్పుకోవాలి.

పేకాట సంగతి చెప్తామన్నాం. సికింద్రాబాద్‌లో క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు అని ఒకటి ఉండేది. పేరులో నెలవంక ఉన్నా అక్కడ ఆడేది రమ్మీ. 1963 మే నెలలో పోలీసులు దాడి చేసి, 1305 ఫసలీ నాటి హైదరాబాద్ జూద చట్టం కింద కేసు పెట్టారు. ముద్దాయిలలో క్లబ్బు కార్యదర్శి, కోశాధికారి కూడా ఉన్నారు. కింది కోర్టు శిక్ష వేసింది, హైకోర్టు కొట్టేసింది, ప్రభుత్వం సుప్రీంకోర్టుకు పోయింది. 1967 నవంబరు 22న తీర్పు చెప్పినవారు జస్టిస్ మొహమ్మద్ హిదాయతుల్లా గారు, మూడు నెలల తరువాత దేశానికి ప్రధాన న్యాయమూర్తి అయినవారే. రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద నడిచే ఆట అన్నారు. అందరికీ గుర్తున్నది ఆ మాట. మాకు నచ్చినది ఇంకొకటి. వేళ దాటిన తరువాత కూర్చున్న సభ్యుల నుంచి క్లబ్బు అదనపు రుసుము తీసుకోవడం లాభం కోసమని పోలీసులు వాదించారు. పనివాళ్లకు ఓవర్‌టైము ఇవ్వాలి, కరెంటు కాలుతుంది, అట్లాంటి రుసుము క్లబ్బులలో మామూలేనని కోర్టు తేల్చింది. సభ్యుల పైసలు సభ్యుల సౌకర్యానికే పోతే అది క్లబ్బు, నడిపేవాడి జేబులోకి పోతే అది జూదపు ఇల్లు. గీత అక్కడ గీశారు. తరువాత 1974లో ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం వచ్చింది. 2017లో తెలంగాణ ప్రభుత్వం దాన్ని సవరించి, పైసలు పెట్టి ఆడే ఆటకు నైపుణ్యం పేరు మీద ఉన్న మినహాయింపును తీసేసింది. పెద్దల అనుమానమే చివరికి చట్టమైందనుకోవచ్చు.

లోపలికి తీసుకోవడం కన్నా బయటికి పంపడం కష్టం. దీని మీద సుప్రీంకోర్టు 1962లో చెప్పిన తీర్పు నేటికీ ఆధారం. బెల్గాంలో విక్టోరియా లాడ్జి అనే ఫ్రీమేసన్ల శాఖ దావర్ అనే సభ్యుణ్ని వెళ్లగొట్టింది. ఆయన కోర్టుకెక్కాడు. రాజమండ్రి బిడ్డ జస్టిస్ కోకా సుబ్బారావు గారు చెప్పినదాని సారం ఇది. సభ్యత్వం ఒక ఒప్పందం. వెళ్లగొట్టే అధికారం నియమావళిలో ఉంటేనే ఉన్నది, అందులో రాసిన పద్ధతిలోనే వాడాలి. నేరం ఏమిటో చెప్పాలి, జవాబు చెప్పుకునే అవకాశం ఇవ్వాలి, మనసులో పగ పెట్టుకుని చేయరాదు. ఇవన్నీ జరిగితే, నిర్ణయం తప్పా ఒప్పా అని కోర్టు అప్పీలు విన్నట్టు వినదు. ఆ కేసులో దావర్ ఓడిపోయాడు. లాడ్జి తన నియమాల ప్రకారమే నడుచుకున్నదని తేలింది మరి. రాత్రి భోజనాల తరువాత ఆవేశంగా ఒక మనిషి పేరు కొట్టేసి, పొద్దున మినిట్స్ బుక్కులో ఎక్కించే సంఘాలకు ఈ కథలో గెలుపు దొరకదు.

బట్టల నియమం గురించి రెండు మాటలు. 2014 జూలైలో మద్రాసులో ఒక క్రికెట్ క్లబ్బుకు పంచె కట్టుకుపోయిన హైకోర్టు న్యాయమూర్తిని గేటు దగ్గర ఆపారు. పెద్ద గొడవై, మరుసటి నెలలోనే తమిళనాడు శాసనసభ అలాంటి ఆంక్షలను నిషేధిస్తూ చట్టం చేసింది. సొంత నియమావళి ఎంత సొంతమైనా, దేశపు బట్టను తలుపు బయట నిలబెట్టే హక్కు దానికి లేదన్నమాట.

చివరిగా ఆస్తి. మసీదు, ఖబరస్తాన్ వక్ఫ్ కిందికి వస్తాయి, వాటి లెక్క వేరు. మేము చెప్పేది సంఘం చందాతో కొన్న వస్తువుల గురించి. రిజిస్టరు కాని క్లబ్బు మూతపడితే, ఇంగ్లీషు న్యాయం ప్రకారం మిగిలినది అప్పటి సభ్యులు పంచుకోవచ్చు. రిజిస్టరైన సంఘానికి ఆ వీలు లేదని 1860 చట్టమే చెప్పింది. మూసేయాలంటే సభ్యులలో 5లో 3 వంతుల మంది ఒప్పుకోవాలి. అప్పులు తీర్చగా మిగిలినది సభ్యులకు పంచరాదు, ఇంకో సంఘానికి ఇవ్వాలి. షామియానా, కుర్చీలు, బిర్యానీ డేగలు, కుట్టుమిషన్లు, పిల్లల స్కాలర్‌షిప్ నిధిలో ఉన్న ఆఖరి రూపాయి, అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. వాటిని కొనడానికి ఎక్కువ చందా ఇచ్చినవాడి ఇంటికి కూడా ఒక్క గిన్నె పోదు.