హైదరాబాదు 1948: నవలాకారుల సాక్ష్యం

కథకుని మాటను చరిత్రగా స్వీకరించవచ్చునా అన్న ప్రశ్న ముస్లిం విద్వాంసులకు కొత్తది కాదు. మసీదుల్లోనూ బజారుల్లోనూ జనాన్ని కూర్చోబెట్టుకొని పూర్వగాథలు వినిపించే ‘ఖుస్సాస్’ అనే కథకుల పట్ల హదీసువేత్తలు మొదటినుంచీ జాగ్రత్త వహించారు. బాగ్దాదుకు చెందిన ఇబ్నుల్ జౌజీ (మరణం 1201) వారిని గురించి ఒక గ్రంథమే రాశాడు. ఆయన స్వయంగా గొప్ప ఉపన్యాసకుడు. కథకు ఉన్న శక్తి ఎటువంటిదో అనుభవం మీద తెలిసినవాడు. కథ కన్నీరు పెట్టిస్తుంది; కన్నీరు పెట్టుకున్నవాడు ఆధారం అడగడం మరచిపోతాడు. చిక్కంతా అక్కడే ఉంది. ఆ తరువాత ఇబ్ను ఖల్దూన్ (1332–1406) మరొక మెట్టు ఎక్కాడు. చెప్పినవాడు నమ్మదగినవాడా అని చూడడంతో సరిపోదు, చెప్పిన సంగతి ఆనాటి సమాజపు స్థితిగతుల్లో జరగదగినదేనా అని కూడా తూచి చూడాలని ఆయన వాదించాడు. మూసా ప్రవక్త సైన్యం ఆరు లక్షలని రాసిన చరిత్రకారులను ఆయన ఈ తూనికతోనే తప్పుపట్టాడు.

ఈ రెండు పరీక్షలనూ మనకు దగ్గరగా ఉన్న ఒక ఘట్టానికి పెట్టి చూడవచ్చు. 1948లో హైదరాబాదు సంస్థానానికి ఏమి జరిగింది? తెలుగు చదివే మన యువకులలో ఎక్కువమంది దీనిని చరిత్ర గ్రంథాల నుంచి తెలుసుకోలేదు. నవలల నుంచి, నాటకాల నుంచి, సినిమాల నుంచి తెలుసుకున్నారు. ప్రతి సంవత్సరం సెప్టెంబరు 17 రాగానే ‘విమోచన’మా, ‘విలీన’మా, ‘సమైక్యత’యా అన్న వాదం లేస్తుంది. 2024లో ‘రజాకార్’ అన్న సినిమా వచ్చినప్పుడు ఆ వాదం మరింత వేడెక్కింది. వాదించేవారి మనస్సులో ఉన్న దృశ్యాలు ఎక్కడివి అని విచారిస్తే చాలా భాగం కల్పనా సాహిత్యంలోనివే అని తేలుతుంది. కనుక ఆ సాహిత్యం ఏమి చూసింది, ఏమి చూడలేదు అన్నది పండితుల కాలక్షేపం మాత్రమే కాదు.

ముఖ్యమైన సంగతులు ముందుగా గుర్తు చేసుకుందాం. మీర్ ఉస్మాన్ అలీఖాన్ ప్రభుత్వం 1947 నవంబరు 29న భారత ప్రభుత్వంతో యథాతథ ఒడంబడిక చేసుకుంది. ఖాసిం రజ్వీ నాయకత్వంలో రజాకార్లు బలపడ్డారు. నల్లగొండ, వరంగల్లు ప్రాంతాల్లో దేశముఖుల మీద రైతుల పోరాటం అంతకు ముందే ఆరంభమైంది. కడవెండిలో దొడ్డి కొమరయ్య హతుడైనది 1946 జూలై 4న. 1948 సెప్టెంబరు 13న భారతసైన్యం ప్రవేశించింది. దీనినే పోలీసు చర్య అన్నారు. అయిదు రోజుల్లో నిజాం లొంగిపోయాడు. రైతుల పోరాటం మాత్రం 1951 వరకు సాగింది.

తెలుగు నవల ఈ కథను గ్రామం నుంచి చెప్పింది. అందుకు ఆద్యుడు వట్టికోట ఆళ్వారుస్వామి (1915–1961). పుస్తకాలు మోసుకొని ఊరూరా తిరిగి అమ్మినవాడు, దేశోద్ధారక గ్రంథమాల స్థాపించినవాడు, జైలు అనుభవించినవాడు. ఇబ్నుల్ జౌజీ పరీక్షకు నిలబడే సాక్షి. ఆయన ‘ప్రజల మనిషి’ 1955లో వెలువడింది. సాయుధ పోరాటానికి ముందుకాలపు తెలంగాణ గ్రామం అందులో ఉంది. వెట్టి, దేశముఖు గడి, అధికారుల దౌష్ట్యం, వాటితోపాటు అస్పృశ్యులనబడినవారు ఇస్లాం స్వీకరించడం, దాని చుట్టూ రేగిన వివాదం కూడా ఉన్నాయి. ఈ చివరి అంశం మీద మన పాఠకులకు కొంత కష్టం కలగవచ్చు. అయితే జాగ్రత్తగా చదవాలి. మతం మారినవాడు ఏ సిద్ధాంతం కోసం మారాడన్నది ఆ కథలో ముఖ్యం కాదు. వెట్టి నుంచి, అంటరానితనం నుంచి తప్పించుకునే దారి వెదుక్కున్నాడన్నది ముఖ్యం. ఇబ్ను ఖల్దూన్ అడిగే ప్రశ్నకు ఇక్కడ సరైన జవాబు దొరుకుతుంది. ఆనాటి పరిస్థితుల్లో అది జరగదగినదే. ప్రచారకులు చేరదీసినవారికి మసీదులోనూ, భోజనం దగ్గరా నిజమైన సమానత్వం ఎంత దక్కిందన్నది మనం మనల్ని అడుగుకోవలసిన ప్రశ్న.

ఆళ్వారుస్వామి రెండవ నవల ‘గంగు’ అసంపూర్ణంగా మిగిలి, ఆయన మరణం తరువాత 1965లో అచ్చయింది. ఆ పనిని దాశరథి రంగాచార్య (1928–2015) అందుకున్నాడు. ‘చిల్లర దేవుళ్లు’, ‘మోదుగుపూలు’, ‘జనపదం’ వరుసగా చదివితే పోలీసు చర్యకు ముందటి గడి మొదలుకొని ఆ తరువాతి గ్రామం వరకు ఒక గొలుసు ఏర్పడుతుంది. నైజాము కాలంలో ఉర్దూ పదాలు తెలంగాణ తెలుగులో ఎలా కలిసిపోయాయో, ‘ఆడబాప’ అన్న పేరుతో గడిలో స్త్రీల బ్రతుకు ఎలా నలిగిందో ‘చిల్లర దేవుళ్లు’ చెప్పినంత స్పష్టంగా ఆనాటి ప్రభుత్వ నివేదికలు చెప్పవు.

ఈ నవలల్లో ముస్లిం ఎవరు? అమీను, జవాను, తాలూకా కచేరీలో అధికారి. ఆ తరువాత రజాకారు. అప్పుడప్పుడు ఒక మంచి మనిషి. ఇది అన్యాయమని వెంటనే తోసిపుచ్చరాదు. గ్రామంలో రైతుకు కనిపించిన ప్రభుత్వం ఆ రూపంలోనే ఉండేది. ‘ప్రతి ముస్లిమూ పాలకుడే’ అన్న అర్థంలో ‘అనల్ మలిక్’ నినాదాన్ని ఇత్తెహాదుల్ ముస్లిమీన్ ప్రచారం చేసింది. పూట గడవని బంట్రోతును సైతం ‘నీవే రాజువు’ అని నమ్మించిన నినాదం అది. రాజ్యం పోయిన రోజున ఆ బంట్రోతు మీద రాజు చేసిన అప్పులన్నీ పడ్డాయి. 1948 ఆగస్టులో బైరాన్‌పల్లి గ్రామం మీద రజాకార్లు, నిజాం బలగాలు జరిపిన హత్యాకాండ కల్పన కాదు. అదే నెలలో ‘ఇమ్రోజ్’ పత్రికా సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను హైదరాబాదు వీధిలో చంపింది రజాకార్లే, చంపబడినవాడు ముస్లిమే. అన్నిసా సూరా 135వ ఆయతు న్యాయం కోసం సొంతవారికి విరుద్ధంగానైనా సాక్ష్యం చెప్పమని మనకు ఆజ్ఞాపిస్తున్నది. ఆ ఆజ్ఞ మనసులో లేకుండా 1948ని గురించి మాట్లాడే అర్హత మనకు రాదు.

అయితే ఆ ఆజ్ఞ అందరికీ వర్తించేదే. కథ సెప్టెంబరు 17తో ముగియలేదు. ఆ తరువాతి వారాల్లో ఏమి జరిగిందో విచారించడానికి కేంద్ర ప్రభుత్వం పండిత సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీలను పంపింది. 1948 నవంబరు 29 నుంచి డిసెంబరు 21 వరకు వారు సంస్థానంలో పర్యటించారు. 16 జిల్లాల్లో 9 చూశారు. పోలీసు చర్య సమయంలోనూ, ఆ తరువాతా మరణించినవారు 27,000 నుంచి 40,000 వరకు ఉంటారని అంచనా వేశారు. తలలు లెక్కపెట్టి చెప్పిన సంఖ్య కాదది, అంచనా మాత్రమే. కొన్నిచోట్ల సాయుధ బలగాలవారు కూడా ఇందులో పాల్గొన్నారని, మరికొన్నిచోట్ల సైనికాధికారులే ప్రజలను రక్షించారని వారు రాశారు. ప్రభుత్వం ఆ నివేదికను ప్రకటించలేదు. దశాబ్దాల పాటు అది ముక్కలుముక్కలుగా మాత్రమే బయటికి వచ్చింది. 2013లో ఎ. జి. నూరానీ హైదరాబాదు మీద రాసిన గ్రంథానికి అనుబంధంగా అచ్చయ్యాక సామాన్య పాఠకునికి అందుబాటులోకి వచ్చింది.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. ఆ ముగ్గురిలో ఖాజీ అబ్దుల్ గఫార్ స్వయంగా కల్పనాకారుడు. ‘లైలా కే ఖుతూత్’ రచయితగా ఉర్దూ పాఠకులకు చిరపరిచితుడు. హైదరాబాదులో ‘పయామ్’ పత్రిక నడిపినవాడు. కథలు రాయగలవాడు కథ కాని నివేదిక మీద సంతకం చేశాడు, అది బీరువాలోకి వెళ్లింది. బయట నవలలు మాత్రం మాట్లాడుతూ పోయాయి.

ఆ మూడు నెలలు పైన చెప్పిన తెలుగు నవలల్లో దేనికీ కేంద్రం కాలేదు. దీనికి రచయితల పక్షపాతమే కారణమని కొందరు అంటారు. నాకు అలా తోచదు. నివేదికను చూస్తే హత్యలు అత్యధికంగా జరిగిన నాలుగు జిల్లాలు ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు. మొదటిదీ చివరిదీ మరాఠీ ప్రాంతం, గుల్బర్గా ప్రధానంగా కన్నడ ప్రాంతం. ఖాసిం రజ్వీ వకీలుగా ఉన్న లాతూరు ఆనాడు ఉస్మానాబాదు జిల్లాలోనిదే. ప్రతీకారం అక్కడ ఎక్కువగా చెలరేగడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. తెలుగు నవలాకారుని చూపు నల్లగొండ, వరంగల్లు, నిజామాబాదు దాటి అంత దూరం పోలేదు. అయితే ఈ సమాధానంతో ప్రశ్న పూర్తిగా తీరదు. తరువాతి వరుసలో నివేదిక పేర్కొన్న జిల్లాల్లో నల్లగొండ, మెదకు కూడా ఉన్నాయి. అవి తెలుగు జిల్లాలే. సైన్యం రాగానే పారిపోయిన దొరలు ఖద్దరు టోపీలతో తిరిగివచ్చిన దృశ్యం తెలుగు పాఠకునికి ఎంతో పరిచితం. అదే దారిన ఎదురుగా ఊరు విడిచిపోయిన ముస్లిం కుటుంబం దృశ్యం పరిచితం కాదు.

ఉర్దూ నవలలో ఈ లోటు పూడిందా? కిషన్ చందర్ ‘జబ్ ఖేత్ జాగే’ (1952) తెలంగాణ రైతు వీరుని ఉరికి ముందు రాత్రిని చిత్రించింది. 1980 ప్రాంతంలో వచ్చిన ‘మాభూమి’ చలనచిత్రానికి అదే ఆధారం. కానీ ఆయన బొంబాయి నుంచి చూసినవాడు. ఆయన దృష్టి వర్గపోరాటం మీదే నిలిచింది. జీలానీ బానో ‘ఐవానె గజల్’ (1976) హైదరాబాదు లోపలినుంచి వచ్చిన నవల. ఒక నవాబు కుటుంబపు భవంతి, దానితోపాటు కూలిపోయే మర్యాదలు, వాటి కింద నలిగిన చాంద్, గజల్ అనే ఆడపిల్లలు అందులో ఉన్నారు. పోయిన రాజ్యం కోసం ఆమె ఏడవలేదు. ఆ రాజ్యం తన ఇంటి ఆడపిల్లలకే ఏమి చేసిందని అడిగింది. అందుకే ఆ పుస్తకం స్మృతిగీతం కాకుండా చరిత్ర అయింది. ఇబ్రహీం జలీస్ ‘దో ముల్క్ ఏక్ కహానీ’ నవల కాదు, చూసిందీ అనుభవించిందీ రాసిన వృత్తాంతం. పోలీసు చర్య నాటి హైదరాబాదు నుంచి పాకిస్తానుకు పోయిన మధ్యతరగతి యువకుని గొంతు అందులో వినబడుతుంది.

ఈ రెండు భాషల నవలలనూ పక్కపక్కన పెడితే ఒక ఖాళీ కనిపిస్తుంది. తెలుగు నవలలో ముస్లిం సర్కారు మనిషి. ఉర్దూ నవలలో అతడు భవంతిలో ఉన్నాడు, లేదా భవంతిని వదిలి విప్లవంలోకి పోయాడు. సుందర్‌లాల్ సంఘం ముందుకు వచ్చి మాట్లాడిన గ్రామీణులు ఈ రెండింటికీ చెందరు. నేతగాళ్లు, చిన్న దుకాణదార్లు, నాలుగెకరాల రైతులు, ఉద్యోగం ఊడిన జవాన్లు, నూతుల్లో దూకిన స్త్రీల బంధువులు. వారికి భవంతీ లేదు, తుపాకీ లేదు. ఒకచోట ముస్లిం నేతగాళ్లను సాటి హిందూ నేతగాళ్లు బయటినుంచి వచ్చిన హిందువుల బారినుంచి కాపాడారని, ఆ ప్రయత్నంలో కొందరు ప్రాణాలు కూడా పోగొట్టుకున్నారని నివేదికలో ఉంది. ఒక మంచి నవలాకారుడికి ఇంతకు మించిన వస్తువు ఏముంటుంది?

పంజాబు విభజనను ఈ విషయంలో పోల్చి చూడవచ్చు. యశ్‌పాల్, భీష్మ సాహ్నీ హిందీలో, అబ్దుల్లా హుసేన్, ఇంతిజార్ హుసేన్ ఉర్దూలో, ఖుష్వంత్ సింగ్ ఇంగ్లీషులో రాశారు. ఒకడు చూడనిది మరొకడు చూశాడు; పాఠకుడు సాక్ష్యాలను సరిపోల్చుకోగలడు. ఒకే సంఘటనకు వేర్వేరు ఉల్లేఖకుల పరంపరలు దొరికితే హదీసువేత్తకు ఎంత ధైర్యమో ఇదీ అంతే. హైదరాబాదు విషయంలో మనకు అన్ని పరంపరలు లేవు.

ఉన్నవాటిని కూడా మనం చదవలేదు. కోస్తా జిల్లాల ముస్లింలు చాలామందికి ఉర్దూ లిపి రాదు. జీలానీ బానో, జలీస్ వారికి పరాయివారే. తెలుగులో నెల్లూరి కేశవస్వామి ‘చార్మినార్ కథలు’ (1981) ఉన్నాయి. పోలీసు చర్య ఒక ముస్లిం ఇంట్లోకి ఎలా ప్రవేశించిందో ‘యుగాంతం’ అనే కథ చూపుతుంది. రాసినవాడు ముస్లిం కాదు, పాతబస్తీ జీవితం ఎరిగిన పొరుగువాడు. అది నవల కాదు గనుక ఈ వ్యాసంలో చోటు లేదని నియమం పెట్టుకుంటే నష్టం మనకే. అలాగే కామారెడ్డిగూడెం షేక్ బందగీ. విసునూరు దేశముఖు మనుషులు పొట్టన పెట్టుకున్న ఆ పేద రైతు కథను సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు 1947లో ‘మాభూమి’ నాటకంలో నిలబెట్టారు. భూమి కోసం ప్రాణమిచ్చిన ముస్లిమును ఆంధ్రదేశం రంగస్థలం మీద చూసి చప్పట్లు కొట్టింది. ఆ మరుసటి సంవత్సరమే అటువంటి రైతులు ఏ పేరూ లేకుండా పోయారు.

1948లో పదేళ్ల వయసున్నవారు ఇప్పుడు తొంభైకి దగ్గరపడ్డారు. బీదరులో, జహీరాబాదులో, నల్లగొండలో అటువంటి పెద్దలున్న ఇళ్లు మన పాఠకులకు తెలిసే ఉంటాయి. వారి మాట రాసుకునేవారు ఊరి పేరు, కాలం, తాను చూసినదా లేక విన్నదా, విన్నదైతే ఎవరి నోట విన్నారు అన్న వివరాలు తప్పక అడగాలి. కాపాడిన పొరుగువారి పేర్లు కూడా అడగాలి.