మోటుపల్లి శాసనం నుంచి కోరంగి రేవు దాకా

చార్టర్, కాలనీ, జాయింట్ స్టాక్ కంపెనీ, ఇండెంచర్. అమెరికా చరిత్ర పాఠంలో వచ్చే ఈ మాటల్ని వరంగల్ కొత్తవాడ పిల్లలు పరీక్ష కోసం బట్టీ పడతారు. ఎక్కడో అట్లాంటిక్ అవతలి సంగతులనుకుంటారు. కానీ వాటిలో ఒక్కటీ తెలుగు నేలను తాకకుండా పోలేదు.

ఈ కథను ఓరుగల్లు నుంచే మొదలుపెట్టాలి. తుఫానుకు చితికి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు వెనకటి రాజులు లాగేసుకునేవారు. 1244లో ఓరుగల్లును ఏలిన కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించి, ప్రాణాలకు తెగించి సముద్రం దాటి వచ్చే వర్తకుల దగ్గర న్యాయమైన సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని మాట ఇచ్చాడు. గంధం, కర్పూరం, పన్నీరు, దంతం, పగడం, మిరియాలు, ఇలా ఏ సరుకుకు ఎంత సుంకమో ఆ రాతిస్తంభం మీద విడివిడిగా చెక్కి ఉంది. వచ్చేది ఎవరైనా, షరతులు రాసింది మాత్రం రేవును ఏలేవాడే.

రెండున్నర శతాబ్దాలకు ఈ వరస తిరగబడింది. ఆసియాకు దారి వెతుక్కుంటూ కొలంబస్ 1492లో కరీబియన్ దీవుల్లో దిగాడు. రెండేళ్లకే స్పెయిన్, పోర్చుగల్ టోర్డెసిల్లాస్ ఒప్పందం రాసుకుని, తాము ఇంకా చూడని నేలల్ని కూడా ఒక గీత గీసి పంచేసుకున్నాయి. 1513 నాటికి స్పెయిన్ రెక్విరిమియెంతో అనే ప్రకటన తయారుచేసింది. లొంగిపోండి, లేదంటే యుద్ధం, బానిసత్వం అని దాని సారాంశం. వినేవాళ్లకు రాని భాషలో దాన్ని చదివి మరీ వాళ్ల ఊళ్ల మీద పడేవారు. వలస చరిత్రలో ఇంతకన్నా క్రూరమైన కాగితం నాకు కనిపించలేదు.

ఇంగ్లండ్‌లో పాలకులు వర్తకుల జాయింట్ స్టాక్ కంపెనీలకు చార్టర్లు ఇచ్చారు. 1600లో ఈస్టిండియా కంపెనీకి ఒకటి, 1606లో వర్జీనియా కంపెనీకి ఇంకొకటి. థామస్ స్మైత్ అనే లండన్ వర్తకుడు రెండింటికీ పెద్దగా ఉన్నాడు. 1607లో అమెరికాలో జేమ్స్‌టౌన్ వెలిసింది. 1611లో ఈస్టిండియా కంపెనీ ఓడ గ్లోబ్ మచిలీపట్నం చేరింది. అమెరికాలో చార్టర్ చేతపట్టుకుని నేలను సొంతం చేసుకున్నారు. ఇక్కడ అది కుదరలేదు. గోల్కొండలో సుల్తాను ఉన్నాడు. 1630ల్లో అబ్దుల్లా కుతుబ్‌షా బంగారు ఫర్మానా ఇస్తే, ఏటా 500 వరహాలు కట్టి వ్యాపారం చేసుకున్నారు. రాజ్యం బలంగా ఉన్నంత కాలం కంపెనీ అద్దెకున్నవాడిలాగే మసలింది.

ఇక నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది బట్ట కథ. కోరమాండల్ తీరపు నీలిబట్టను ఐరోపా ఓడలు పశ్చిమాఫ్రికాకు మోసుకుపోయి, దాన్ని ఇచ్చి మనుషుల్ని కొని, అమెరికా తోటల్లో బానిసలుగా దింపాయి. తాను నేసిన తాను ఏ మనిషి వెల అయిందో మన సాలెకు తెలిసే వీల్లేదు. కొత్తవాడ మగ్గాల మీద నేసే వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బట్టతోపాటు ఊరి పేరూ వెళుతోంది. ఆ నీలిబట్ట నేసినవాళ్లకు ఈపాటి గౌరవం కూడా దక్కలేదు.

అమెరికాతో ఈ ముడి మనుషుల ద్వారా కూడా పడింది. బోస్టన్‌లో పుట్టి మద్రాసు గవర్నరైన ఎలిహూ యేల్ 1718లో కనెక్టికట్ కాలేజీకి తొమ్మిది బేళ్ల సరుకు, 417 పుస్తకాలు పంపాడు. ఆ సరుకు అమ్మితే 562 పౌండ్లు వచ్చాయి. ఆ కాలేజీ యేల్ పేరు పెట్టుకుంది. 1781లో యార్క్‌టౌన్‌లో అమెరికన్లకు లొంగిపోయిన కారన్‌వాలిసే 1786లో గవర్నర్ జనరల్‌గా ఇక్కడికొచ్చాడు. 1793లో బెంగాల్‌లో అతను తెచ్చిన శాశ్వత శిస్తు పద్ధతినే 1802 నుంచి తెలుగు తీరంలోని ఉత్తర సర్కారుల్లోనూ పెట్టారు.

మిగిలింది ఇండెంచర్. ఓడ ఖర్చుకు బదులు కొన్నేళ్లు చాకిరీ చేస్తామని రాసిచ్చి ఇంగ్లండ్ పేదలు వర్జీనియాకు వెళ్లారు. 1830ల్లో బ్రిటిష్ వలసల్లో బానిసత్వం రద్దయ్యాక, తోటల యజమానులు అదే పద్ధతిని మనవాళ్ల మీద ప్రయోగించారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి కూలీలు మారిషస్ చెరకు తోటలకు వెళ్లారు. ఆ తరవాత 1860 నుంచి దక్షిణాఫ్రికాలోని నాటల్‌కు, 1903 నుంచి ఫిజీకి మద్రాసు ఓడలు సాగాయి. మారిషస్‌లో తెలుగువాళ్లకు ఆ రేవు మీదుగా కోరంగీలనే పేరు పడింది. ఇవాళ ఆ దేశంలో ఉగాది ప్రభుత్వ సెలవు దినం.