ట్రిపోలీ ఒడంబడిక: పదకొండవ అధికరణం

ఇస్లాం పట్ల అమెరికా ప్రభుత్వ వైఖరి చర్చకు వచ్చినప్పుడు ట్రిపోలీ ఒడంబడికను ఉదాహరించడం పరిపాటి. 1796 నవంబరులో ఉత్తర ఆఫ్రికాలోని ట్రిపోలీ పాలకునితో కుదిరిన ఈ ఒడంబడికను 1797 జూన్ 7న అమెరికా సెనేట్ ఏకగ్రీవంగా ఆమోదించింది. అమెరికా ప్రభుత్వం ఏ విధంగానూ క్రైస్తవ మతంపై స్థాపించబడినది కాదనీ, ముస్లింల మతం పట్ల దానికి వైరభావం లేదనీ ఇంగ్లీషు ప్రతిలోని పదకొండవ అధికరణం చెబుతుంది.

ఆ ప్రతి అల్జియర్స్‌లోని అమెరికా కాన్సల్ జనరల్ జోయెల్ బార్లో ధ్రువీకరించిన అనువాదం. 1930లో డచ్చి పండితుడు స్నూక్ హుర్‌గ్రోన్యె అరబీ ప్రతిని పరిశీలించగా, అందులో ఆ అధికరణమే లేదని తేలింది. దాని స్థానంలో అల్జియర్స్ పాలకుడు ట్రిపోలీ పాలకునికి వ్రాసిన లేఖ ఉన్నది.

1801లో యుద్ధం రానే వచ్చింది. దానికి హేతువు మతం కాదు, ధనం. పాషా యూసుఫ్ కరమాన్లీ కోరిన సొమ్ము అందలేదు. 1805 నాటి సంధిలో వైరభావం లేదన్న మాట నిలిచింది గాని, క్రైస్తవ మతాన్ని గురించిన మాట తొలగిపోయింది.

కనుక 1797 నాటి వాక్యాన్ని ముస్లింలకు ఇచ్చిన హామీగా గాక, అమెరికా తన్ను గురించి తాను చేసుకున్న ప్రకటనగా గ్రహించడమే సమంజసం. అట్లని దాని విలువ తగ్గదు. ఎవరూ వ్యతిరేకించకుండా సెనేట్ దానిని అంగీకరించిందన్నది చరిత్ర. అయితే ఒక రాజ్యపు మాటను తూచదలచినవారు, అది ఏ భాషలో, ఎవరికి చెప్పబడిందో ముందుగా విచారించాలి.