పేస్‌మేకర్ పెట్టాలి.. కానీ సిర దారి వేరుగా ఉంది! అప్పుడు డాక్టర్లు ఏం చేస్తారు?

గుండె మరీ నెమ్మదిగా కొట్టుకుంటోంది, పేస్‌మేకర్ పెట్టాలని డాక్టర్లు చెప్తారు. ఇంట్లోవాళ్లూ సరేనంటారు. తీరా క్యాథ్‌ల్యాబ్‌లోకి తీసుకెళ్లాక, "సిర అందరికీ ఉన్నట్టు లేదు, ఇంకాస్త టైమ్ పడుతుంది" అనే కబురు వస్తే? బయట కూర్చున్నవాళ్లకు చెమటలు పట్టడం ఖాయం. అయితే ఇలాంటి వాళ్లకూ పేస్‌మేకర్ పెట్టొచ్చు. ఎలాగో చూద్దాం.

మామూలు దారి ఇదీ..

ఎక్కువ మందికి ఎడమవైపు కాలర్‌బోన్ కింద, చర్మం లోపల పేస్‌మేకర్ పెడతారు. అక్కడి సిరలోంచి లీడ్ అనే సన్నని తీగను గుండెలోకి పంపుతారు. ఆ తీగ ఛాతీలో కుడివైపుకు మళ్లి, సుపీరియర్ వీనా కేవా అనే పెద్ద సిర ద్వారా కుడి కర్ణికలోకి, అక్కడి నుంచి కవాటం దాటి కుడి జఠరికలోకి చేరుతుంది.

తేడా ఎక్కడొస్తుంది?

కడుపులో బిడ్డ పెరిగే తొలి దశలో ఇలాంటి పెద్ద సిరలు రెండు వైపులా ఉంటాయి. తర్వాత ఎడమది మూసుకుపోతుంది. కానీ వెయ్యి మందిలో ముగ్గురు నుంచి ఐదుగురికి అది అలాగే ఉండిపోతుంది. పుట్టుకతో గుండె లోపాలున్నవాళ్లలో ఇది ఇంకాస్త ఎక్కువ. సాధారణంగా ఆ రక్తం గుండె వెనుకనున్న కరోనరీ సైనస్ మీదుగా కుడి కర్ణికకే చేరుతుంది. అందుకే ఏ ఇబ్బందీ తెలియదు. చాలామందిలో ఇది పేస్‌మేకర్ పెట్టేటప్పుడే బయటపడుతుంది.

ఎక్స్‌రే తెరపై తీగ కుడికి మళ్లకుండా, వెన్నెముకకు ఎడమవైపే కిందికి దిగుతుంది. కరోనరీ సైనస్ నుంచి బయటికొచ్చాక జఠరిక వైపు తిరగదు. దాన్ని కర్ణికలో పెద్ద లూప్‌లా తిప్పి కవాటం దాటించాలి. టైమ్ పట్టేది అక్కడే.

డాక్టర్ల ముందున్న మార్గాలు..

* ముందుగా కాంట్రాస్ట్ మందు ఎక్కించి సిరల దారి చూస్తారు.
* కుడివైపు సిర బాగుంటే పేస్‌మేకర్‌ను అటువైపు పెడతారు. కొద్దిమందికి కుడి సిర అసలు ఉండదు.
* ఎడమ దారిలోనే వెళ్లాల్సి వస్తే, తీగ జారకుండా చివర స్క్రూ ఉండే లీడ్ వాడతారు.
* తొడ సిర నుంచి పంపే లీడ్‌లెస్ పేస్‌మేకర్ మరో మార్గం. దీనికి తీగలుండవు, పెద్ద క్యాప్సూల్ అంత ఉంటుంది. అయితే ఇది అందరికీ సరిపోదు.
* ఏదీ కుదరకపోతే సర్జరీ చేసి గుండె పైపొరకే తీగ కుడతారు. 1958లో స్వీడన్‌లో ఆర్నే లార్సన్‌కు ప్రపంచంలో తొలి పేస్‌మేకర్ పెట్టింది ఛాతీ తెరిచే. ఆయన 2001 వరకు జీవించారు.

ముందే తెలుస్తుందా?

ఎకోలో కరోనరీ సైనస్ పెద్దగా కనిపిస్తే అనుమానించొచ్చు. ఎడమ చేతి సిరలోకి చిన్న బుడగలు కలిపిన సెలైన్ ఎక్కిస్తే, అవి ముందు కరోనరీ సైనస్‌లో కనిపిస్తాయి. అవసరమైతే సీటీ స్కాన్ చేస్తారు.

ఎక్కడికెళ్లాలి?

బౌద్ధనగర్, తార్నాక, ఓయూ క్యాంపస్ వాళ్లకు దగ్గర్లోని పెద్ద సర్కారు దవాఖానా గాంధీ. పంజాగుట్టలో నిమ్స్ ఉంది. రెండు చోట్లా కార్డియాలజీ విభాగాలున్నాయి. ఆరోగ్యశ్రీలో పేస్‌మేకర్ చికిత్స ఉంది. 2023 డిసెంబర్‌లో తెలంగాణలో ఈ పథకం పరిమితిని రూ.10 లక్షలకు పెంచారు. కళ్లు తిరిగి పడిపోవడం, నాడి బాగా తగ్గిపోవడం లాంటివి ఉంటే ఆలస్యం చేయొద్దు.

ఇది మర్చిపోవద్దు..

సిర తేడా ఉందని తేలితే డిశ్చార్జ్ సమ్మరీలో రాయించుకోండి. పేస్‌మేకర్ కార్డుతో పాటు ఆ కాగితాన్నీ దాచుకోండి. రేపు ఐసీయూలో మెడ దగ్గర లైన్ వేయాల్సి వచ్చినా, డయాలసిస్ గొట్టం పెట్టాల్సి వచ్చినా, బ్యాటరీ అయిపోయి మళ్లీ పేస్‌మేకర్ మార్చాల్సి వచ్చినా.. డాక్టర్ ముందుగా తెలుసుకోవాల్సిన విషయం అదే.